పొట్టిది ఓడ తెచ్చింది

ఫిబ్రవరి 6

అక్కా,

పొట్టిది పాసయింది! క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను. ముందు ఈ మాట చదివి, కాసేపు ఆగి, ఇంకోసారి చదువు. నా కూతురు, నీ మేనకోడలు, మన రేవులో పైలట్ పరీక్ష పాసయింది. పదిమంది మగపిల్లలు కూర్చున్న గదిలో ఒక్కతే కూర్చుని రాసింది. నోటి పరీక్షలో అయిదుగురు ఆఫీసర్లు చుట్టూ చేరి అడిగితే, అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో ఒకాయన ప్రశ్నలోనే తప్పుందని చెప్పి వచ్చిందట. ఆ ధైర్యం మా ఆవిడ వైపు నుంచి వచ్చింది, ఒప్పుకుంటాను. నాకు ఆఫీసరు ఎదురుపడితే ఇప్పటికీ చెయ్యి దానంతటదే టోపీ మీదికి వెళ్తుంది, టోపీ లేకపోయినా.

నా ఉత్తరాలు మీ కోడలు పైకి చదువుతుందని రాశావు. ఆ అమ్మాయి సముద్రం లేని ఊళ్ళో పుట్టింది కనక ఆమె కోసం నాలుగు ముక్కలు. అమ్మా, పెద్ద ఓడ ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. దాని కెప్టెనుకి నడిసముద్రం తెలుసు గానీ మన రేవు తెలీదు. ఎక్కడ ఇసుక మేటేసింది, ఎక్కడ రాళ్ళున్నాయి, ఏ వేళకి నీళ్ళు ఎటు లాగుతాయి అన్నీ తెలిసిన మనిషి ఇక్కణ్ణించి చిన్న పడవలో ఎదురెళ్ళాలి. ఓడ ఆ మనిషి కోసం ఆగదు. నడుస్తున్న ఓడ పక్కన తాడు నిచ్చెన వేలాడేస్తారు. అది పట్టుకుని మేడంత ఎత్తు ఎక్కి, కెప్టెను పక్కన నిలబడి, ఓడ గట్టుకి చేరేదాకా ఎటు తిప్పాలో ఎక్కడ ఆపాలో చెప్పాలి. ఆ మనిషే పైలట్. అంతసేపూ అంత పెద్ద ఓడ ఆ ఒక్క మనిషి మాటే వింటుంది.

అక్కా, ఇంకొక్క మెట్టుంది. పెద్దాఫీసరు ముందు ఒక ఓడని సొంతంగా లోపలికి తీసుకురావాలి. అది సరిగ్గా తెస్తే పైలట్ల బోర్డు మీద పేరు రాస్తారు. ఆ బోర్డు కిందనుంచి నేను జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి తెల్లబడేదాకా రోజూ నడిచాను, గట్టు మీద ఓడల తాళ్ళు అందుకోవడానికి. ఏనాడూ తలెత్తి చదవలేదు. మనకేం పని అనుకున్నాను.

అమ్మ గుర్తొస్తోంది. బొగ్గు తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు నుంచి ఓడకి వేసిన చెక్కపలక మీద ఓడ అంచు దాకా ఎక్కేది. అంచు దగ్గర ఒక మగమనిషి తట్ట అందుకుని లోపల కుమ్మరించి ఖాళీ తట్ట ఇచ్చేవాడు. ఆడది డెక్కు మీద కాలు పెడితే ఓడకి అరిష్టమని ఆ రోజుల్లో మాట. బొగ్గుకి లేని అరిష్టం మోసుకొచ్చిన మనిషికి ఎలా వచ్చిందో! ఆ అమ్మ మనవరాలు ఇప్పుడు ఓడకి దారి చెబుతుంది. ఈ రేవు పుట్టినప్పటి నుంచీ ఇంత పని చేసిన ఆడమనిషి లేదు. ఈ రేవులోనే కాదు, ఏ కాలంలోనూ ఎక్కడా ఉండి ఉండదని నా నమ్మకం.

మీ మరదలు కళ్ళు తుడుచుకుంటోంది. ఏమిటంటే ఉల్లిపాయలు అంటోంది. ఇంట్లో ఉల్లిపాయలు లేవు, ఉదయం నేనే కొనడం మర్చిపోయాను. నేనైతే కబురు వినగానే బార్బరు కుర్చీలోంచి సగం గడ్డంతో లేచి వీధంతా చెప్పి వచ్చాను.

పక్కవీధి ఇంకా మిగిలింది, చెప్పడానికి వెళ్తున్నాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 15

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. కోడలు చదివింది, ఆ తర్వాత నేను చదివాను, మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చాక వాడూ చదివాడు. నువ్వు ఫోను కూడా చేశావట. నా చెవుల సంగతి తెలిసి కూడా ఎందుకురా ఆ ఖర్చు? నీ కేక పక్కింటివాళ్ళకి వినపడింది, నాకు తప్ప. ఇలాగే రాస్తూ ఉండు. కాగితానికి చెవుడు లేదు.

పొట్టిదానికి నా ముద్దులు. అది చిన్నప్పుడు నా కుట్టుమిషను కింద కూర్చుని చక్రం తిప్పుతానని పేచీ పెట్టేది. తిప్పేది తనే కావాలి, ఇంకెవరు తిప్పినా ఒప్పుకునేది కాదు. పాసవుతుందని నాకు తెలుసు.

కానీ నీ ఉత్తరంలో ఒక మాట నాకు గుచ్చుకుంది. ఈ రేవు పుట్టినప్పటి నుంచీ ఇంత పని చేసిన ఆడమనిషి లేదని రాశావు. నువ్వు అప్పుడు చిన్నవాడివి, మర్చిపోయి ఉంటావు. లైట్‌హౌస్ ముసలమ్మ గుర్తుందా? అందరూ ఆమెను కాపలావాడి భార్య అనేవాళ్ళు. ఆయన మంచాన పడ్డ దగ్గర్నుంచీ, పోయిన తర్వాత కూడా, కొత్త మనిషి వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆ దీపం వెలిగించింది ఆవిడే. మెట్లన్నీ ఎక్కి అద్దాలు తుడిచి, నూనె పోసి, పొగమంచు పడితే గంట కొట్టి. ఆఫీసు బోర్డు మీద మాత్రం పోయినాయన పేరే ఉండేది. రేవు జెండాల గదిలో, ఓడలు కబుర్లు చెప్పుకునే జెండాలు కుట్టడానికి, నేను పనికి చేరినప్పుడు ఏ జెండాకి ఏం అర్థమో నాకు నేర్పింది కూడా ఆవిడే. నేను కుట్టిన జెండాలు ఏ ఓడ మీద ఎగిరినా గట్టు మీద నుంచి చదివేసేదాన్ని. చదివితే ఏం, జెండా మడత తీసుకెళ్ళి పలక చివర మగమనిషి చేతికి ఇచ్చి వెనక్కి రావడమే. అమ్మ తట్ట ఇచ్చినట్టే.

కాబట్టి మొదటిది అని మరీ డప్పు కొట్టకు. పేరు రాసిన మొదటిది అను, ఒప్పుకుంటాను. అదీ ఇంకా రాయలేదు కదా.

నిచ్చెన ఎక్కేటప్పుడు ఏం తొడుక్కుంటుంది? రాయి.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అడగకు.

మీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డానని దాచను. నేను నెత్తిన నీళ్ళకుండ పెట్టుకున్నవాడిలా ఆనందం ఒలక్కుండా మోసుకొస్తే, నువ్వు అందులో చెయ్యి పెట్టి లోతు చూశావు. లైట్‌హౌస్ ముసలమ్మ గొప్పదే, కాదనను. కానీ కన్నబిడ్డ పాసయిన రోజున లెక్కలు సరిచేస్తారా? నీకు దక్కనిది దానికి దక్కిందని కాస్త కష్టంగా ఉందేమో అనిపించింది. రాయకూడదనుకుంటూనే రాసేశాను, కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

పొట్టిదానికి ఆ భాగం చదివి వినిపించాను, నా పక్షాన మాట్లాడుతుందని. అది రెండోసారి చదవమంది. తర్వాత, ఆ ముసలమ్మ పేరేమిటి నాన్నా అని అడిగింది. నాకు తెలీదన్నాను. ఎవరికీ తెలీదా అంది. అన్నం తింటూ మళ్ళీ అదే అడిగింది. ఇదంతా నీ వల్లే.

అసలు సంగతి ఇంకోటి. నిన్న ప్రాణం పోయి వచ్చింది. ఏం తొడుక్కుంటుందని అడిగావు, ఆ తొడుక్కున్నదే కొంప ముంచింది. పైలట్లకి స్టోర్సులో కోటు ఇస్తారు, లోపల తేలే దిండ్లు కుట్టినది, నీళ్ళలో పడినా మునగకుండా. అన్నీ మగవాళ్ళ కొలతలే. అందులో చిన్నది ఇస్తే చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి, అంచు మోకాళ్ళ దాకా వచ్చింది. నిన్న సాధన కోసం ఒక పాత ఓడ ఎక్కుతుంటే ఆ అంచు నిచ్చెన మెట్టులో ఇరుక్కుంది. ఒక కాలు జారింది. కింద పడవ పైకీ కిందికీ ఊగుతోంది. పొట్టిది ఒక్క చేత్తో వేలాడుతూ, రెండో చేత్తో బొత్తాలు ఊడదీసుకుని, కోటు సముద్రంలోకి వదిలేసి, పైకే ఎక్కింది. కిందికి కాదు అక్కా, పైకి.

పెద్దాఫీసరు మాత్రం ఆఖరి పరీక్ష ఆపేశాడు. కోటు లేకుండా నిచ్చెన ఎక్కడానికి వీల్లేదు, ఆ కొలతలో కోటు లేదు, తయారు చేయించమని పైకి రాశాం, వచ్చేదాకా ఆగాలి. ఏప్రిల్ నెలాఖరుకి రాకపోతే ఈ ఏటి ఖాళీ వేరేవాళ్ళకి వెళ్తుంది అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, గొంతు పెంచలేదు కూడా. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అరిచేవాణ్ణి బతిమాలొచ్చు.

ఇక గట్టు మీద తాళ్ళు అందుకునే నా పాత గ్యాంగుకి ఇప్పటి మేస్త్రీ ఉన్నాడే, అందరూ ఉరుము అంటారు గొంతుకి, నా కిందే పని నేర్చుకున్నవాడు. వాడు ఎదురొచ్చి, ఓడలు కొలత చూసి కడతారు బాబాయ్, మనుషులు కూడా ఓడని చూసి పుట్టాలి మరి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చాక మంచి జవాబులు నాలుగు తట్టాయి.

పిల్ల రోజూ పెందలాడే లేచి ద్వారబంధానికి వేలాడి చేతులు గట్టిచేసుకుంటోంది. కోటు ఎక్కణ్ణుంచి వస్తుందో దేవుడికే తెలియాలి.

మనసు బాగాలేని తమ్ముడు


మార్చి 4

తమ్ముడూ,

ఉత్తరం చూశాను. నీ కోపానికి జవాబు తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు తీరిక లేదు.

కోడలి తమ్ముడు వచ్చి మా ఇంట్లో దిగాడు. రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో గుడ్డ కోసే పని. మంచివాడు, మితభాషి, చేసే పని మీద గౌరవం ఉన్నవాడు. భోజనాల దగ్గర పొట్టిదాని సంగతి మొదలుపెడితే అన్నం కలపడం మానేసి విన్నాడు. తనవల్ల అయ్యేదంతా చేస్తానన్నాడు.

అందుకని నువ్వు వెంటనే ఇవి రాసి పంపు: పొడుగు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు, మణికట్టు చుట్టూ ఎంత, చంక దగ్గర్నుంచి నడుము దాకా ఎంత. టేపు పెట్టి కొలవాలి. ఉజ్జాయింపు పనికిరాదు. పిల్లకి ఇప్పుడే చెప్పకు, ఆశ పెట్టి అవకపోతే బాగుండదు.

ఆలస్యం చెయ్యకు.

మీ అక్క


మార్చి 11

అక్కా,

ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పిల్ల ఒంటిచేత్తో నిచ్చెనకి వేలాడి బతికొచ్చిందని నేను రాస్తే, దానికి నీ జవాబు సంబంధమా? మితభాషి, మంచివాడు, అన్నం కలపడం మానేశాడు! మానేస్తాడు మరి, నా కూతురంటే ఏమనుకున్నాడు? ముప్పై దాటిన పిల్ల, తన సంగతి తను చూసుకోగలదు. పెళ్ళి చేసుకోవాలనిపిస్తే తనే చెబుతుంది, వాళ్ళ అమ్మకి మొదట, నాకు ఆఖర్న. అతను రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో ఉంటే మాకేం, విమానాల ఫ్యాక్టరీలో ఉంటే మాకేం?

పైగా కొలతలా? మన కాలంలో వంట వచ్చా, పాట వచ్చా అని అడిగేవాళ్ళు. నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు నడవమన్నారని నువ్వు పెరట్లోకి నడిచివెళ్ళి మళ్ళీ రాలేదు, గుర్తుందా? ఆ నువ్వే ఇప్పుడు చెయ్యి పొడుగు, మణికట్టు చుట్టూ అని అడుగుతున్నావు. కాలం ముందుకు పోతోందని నేను సంబరపడుతుంటే మా అక్క ఇంట్లో వెనక్కి పోతోంది.

మీ మరదలితో చెప్పాను. ఆవిడ ఉత్తరం అడిగి తీసుకుని చదివి, ఏమీ అనకుండా మడిచి పెట్టుకుంది. ఆవిడకీ అంత కోపం వచ్చిందన్నమాట.

అయినా అడిగాక చెప్పకపోతే పిల్లలో ఏదో లోపం ఉందనుకుంటారు. అందుకని రాస్తున్నాను, అతనికి చూపించు. పొడుగు అయిదడుగుల ఆరంగుళాలు. పొట్టిది అన్నది ముద్దుపేరు, కొలత కాదు. భుజాలు విశాలం, పద్దెనిమిది అంగుళాలు వేసుకో. చేతులు ఇరవై అయిదు, ఎందుకంటే చాలా దూరం అందుకోగలదు. మిగతావి కూడా దానికి తగ్గట్టు దిట్టంగా ఉంటాయని చెప్పు. టేపు కనపడలేదు, తండ్రి కన్ను చాలు.

కోటు సంగతి ఏమీ తేలలేదు. పైనుంచి జవాబు లేదు. నీకు ఆ బెంగ లేదు కాబట్టి ఇంకేమీ రాయను.

తమ్ముడు


ఏప్రిల్ 2

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

సంబంధమా? నీ ఉత్తరం పైకి చదువుతూ కోడలు మధ్యలో ఆగిపోయింది. నవ్వాపుకోలేక కాగితం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ తమ్ముడు ఆ పూట నా ఎదుటికి రాలేదు. అతనికి వేరే పిల్లతో పెళ్ళి నిశ్చయమై ఆర్నెల్లయింది, ఆ పిల్లకి కూడా ఈ కథ రాశాడట. ఇప్పుడు వాళ్ళూ నవ్వుకుంటున్నారు.

దీంతో వచ్చిన పార్సెల్ విప్పు. కోటు. పైలట్ల కోటు, మన పొట్టిదానిది. గుడ్డా, తేలే దిండ్లూ అతను ఫ్యాక్టరీలో అడిగి తెచ్చాడు, కోత అతనిది, కుట్టు నాది. జేబులకి బయట మూతలు లేవు, బొత్తాలు లోపలివైపు ఉన్నాయి, ఎక్కడా తగులుకోవు. అంచు నడుము దగ్గర ఆగుతుంది. ఎదురుగాలికి జెండా చిరిగేది ఎప్పుడూ కొసన, అందుకని నేను కొసలు వెనక్కి మడిచి రెండుసార్లు కుట్టేదాన్ని. ఇక్కడా అంతే చేశాను, చేతుల దగ్గరా, మెడ దగ్గరా. పట్టుకుని లాగు కావాలంటే.

నీ కొలతలు చూశాక మీ ఆవిడకి విడిగా ఇంకో ఉత్తరం రాశాను. పిల్ల నిద్రపోతున్నప్పుడు టేపు పెట్టి కొలిచి పంపింది, స్టోర్సు కోటుకి ఉండాల్సిన నిబంధనల కాగితం కూడా పంపింది. రంగు ఇది, దిండు బరువు ఇంత అని ఉంది. ఎవరు కుట్టాలో లేదు. ఆవిడ నీ దగ్గర నోరు విప్పలేదంటే కోపం వల్ల కాదు, నవ్వు వల్ల. నీ కొలతలతో కుట్టి ఉంటే అందులో పొట్టిదీ నువ్వూ కలిసి పట్టేవాళ్ళు.

ఇక నీ కోపం సంగతి. నాకు కష్టంగా ఉందేమో అన్నావు. కొంచెం ఉందిరా. ఎందుకుండదు? జెండాలన్నీ నేను కుట్టాను, అవి ఓడలెక్కి దేశాలు తిరిగాయి, నేను పలక చివర నుంచి వెనక్కి తిరిగాను. కానీ కుట్టు మొదలుపెట్టాక అది పోయింది. ఈసారి నా కుట్టు లోపల మన మనిషి ఉంటుంది.

లైట్‌హౌస్ ముసలమ్మ పేరు నాకూ తెలీదు. జెండాల గదిలో మేమంతా దీపాలమ్మ అనేవాళ్ళం. పిల్లతో ఆ మాట చెప్పు.

గాలి ఎక్కువగా ఉంటే తొందరపడొద్దని కూడా చెప్పు. నేను చెప్పకపోయినా దానికి తెలుసు, అయినా చెప్పు.

మీ అక్క


ఏప్రిల్ 21

అక్కా,

తెచ్చింది. ఓడ తెచ్చింది. గట్టుకి ఓడ ఆనిన చప్పుడు నాకు వినపడలేదు, ఎవరికీ వినపడలేదు, పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు ఆనించింది. బోర్డు మీద పేరు ఎక్కింది. నేను కిందనుంచి తలెత్తి చదివాను, ఒకసారి కాదు, కాపలావాడు ఇంక ఇంటికెళ్ళండి అనేదాకా.

ముందు నా తప్పు కాయి. నువ్వు కళ్ళు పోగొట్టుకుని కోటు కుడుతుంటే నేను సంబంధమని చిందులు తొక్కాను. పార్సెల్ విప్పినప్పుడు మీ మరదలు నా మొహమే చూస్తూ నిలబడింది, కోటు వైపు చూడలేదు. పొట్టిది తొడుక్కుని చేతులు పైకెత్తింది, వంగింది, నేల మీద గొంతుక్కూచుంది, ద్వారబంధానికి వేలాడింది. దిగి, అత్త నన్ను చూడకుండానే చూసిందమ్మా అంది.

పెద్దాఫీసరు కోటు తిరగేసి చూశాడు. కుట్లు పట్టుకుని లాగాడు. దిండ్లు తూయించాడు. నీళ్ళతొట్టిలో బరువు కట్టి పడేయించాడు, తేలింది. ఎవరు కుట్టారని అడిగాడు. మన జెండాల గదిలో పనిచేసినావిడ అని పొట్టిది చెప్పింది. అయితే గాలికి ఆగుతుంది అని సంతకం పెట్టాడు. నేను రాశాను కదా, చెడ్డవాడు కాదని.

మొన్న శనివారం ధాన్యం ఓడ వచ్చింది. నేనూ మీ మరదలూ సముద్రంలోకి కట్టిన రాతిగోడ మీద నిలబడ్డాం. ఉరుమూ వాడి గ్యాంగూ గట్టు మీద తాళ్ళకోసం సిద్ధంగా ఉన్నారు. చిన్న పడవ వెళ్ళడం, ఓడ పక్కన ఒదగడం కనపడింది. ఆ గోడంత ఓడ మీద నారింజరంగు చుక్క ఒకటి పైకి పాకింది. అదే నీ కోటు. ఎక్కడా ఆగలేదు. మీ మరదలు నా చెయ్యి పట్టుకుని నొక్కిన చోట ఇంకా కమిలి ఉంది.

పైన ఏం జరిగిందో తర్వాత పిల్ల చెప్పింది. కెప్టెను ఆరడుగుల మనిషట. పొట్టిది గదిలోకి రాగానే దాని తల మీదుగా గుమ్మం వైపు చూసి, పైలట్ ఎక్కడ అన్నాడట. మన పిల్ల, "మీ ఎదురుగానే ఉన్నాను. ముందు వేగం తగ్గించండి" అందట. తగ్గించాడట. పరీక్ష చేసే ఆఫీసర్లు మూల నిలబడి రాసుకుంటున్నారు, నోరు విప్పకూడదని వాళ్ళకి నియమం.

రేవు మూతి దగ్గరికి వచ్చేసరికి ఓడ ఆగిపోయింది అక్కా. కాస్త పక్కగాలి ఉంది గానీ మాకు పెద్దగా అనిపించలేదు. లోపల దారి ఖాళీగా ఉంది, అందరూ చూస్తున్నారు, ఓడ మాత్రం కదలదు. ఎంతసేపో తెలీదు, నాకు ఒక జన్మలా ఉంది. గట్టు మీద నుంచి ఉరుము అరిచాడు, గాలికి ఆ గొంతు మాదాకా వచ్చింది. "భయపడింది బాబాయ్. దింపేసి వేరేవాళ్ళని పంపమను." నిజంగానే భయపడిందేమో అనుకున్నాను, నేనే, కన్నవాణ్ణి. మీ మరదలు మాత్రం సముద్రం మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "అది ఆలోచిస్తోంది. ఊరుకోండి" అంది.

అప్పుడు వచ్చింది గాలి. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక్కసారిగా పక్కనుంచి కొట్టింది. గట్టు మీద ఉన్న డబ్బాలు దొర్లుకుంటూ పోయాయి, నా టోపీ సముద్రంలోకి పోయింది. రేవు మూతి అంటే రెండు రాతిగోడల మధ్య ఇరుకు దారి. ఆ సమయానికి ఓడ అక్కడ ఉండి ఉంటే పక్కకి తోసి రాళ్ళ మీద పెట్టేది, ధాన్యమూ మనుషులూ అందరూ. దూరాన నీళ్ళ రంగు మారడం పిల్ల ముందే చూసిందట. కెప్టెను పోదాం పోదామని మూడుసార్లు అన్నాడట, అది ఆగమని మూడుసార్లూ ఒకే గొంతుతో చెప్పిందట. గాలి తగ్గింది. ఓడ పొడుగ్గా ఒక కూత కూసి కదిలింది. మా ఇద్దరి ముందు నుంచే దాటింది, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా, పైన కిటికీలో నారింజరంగు. మావైపు చూడలేదు. పనిలో ఉంది కదా, చూడకూడదు. చూడనందుకే నాకు ఎక్కువ గర్వం.

గట్టు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నా జీవితమంతా అక్కడే గడిచింది, ఓడ వస్తుంటే కేకలు, తిట్లు, ఈలలు లేకుండా నేనెన్నడూ చూడలేదు. ఉరుము కిందనుంచి ఓడవైపే చూస్తున్నాడు. తర్వాత గ్యాంగు వైపు తిరిగి, ఆ మనిషి గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలీదు, "తాళ్ళు అందుకోండిరా. పైలట్ గారు చూస్తున్నారు" అన్నాడు.

గారు అన్నాడక్కా. ఎవరూ చెప్పకుండా అన్నాడు.

పెయింటరు సాయంత్రం వచ్చాడు. బోర్డు మీద అందరి పేర్లకీ ముందు శ్రీ ఉంది. ఈవిడకి శ్రీమతి రాయాలా, కుమారి రాయాలా అని ఆఫీసులో పెద్ద చర్చ. ఒకాయన నన్నే అడిగాడు, పిల్లకి సంబంధాలేమైనా చూస్తున్నారా అని. ఆ మాట వినగానే నేను నోరు మూసుకున్నాను, బుద్ధి వచ్చింది. పొట్టిది వచ్చి, ముందు ఏమీ వద్దు, పేరు రాసి పక్కన పైలట్ అని రాయండి చాలు అంది. అలాగే రాశాడు.

ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. నిద్రపోయే ముందు నీకు ఒక కబురు చెప్పమంది: ఎక్కడా తగల్లేదత్తా అని. ఇవాళ పొద్దున్న మళ్ళీ వెళ్ళింది, ఇంకో ఓడ వస్తోందట. వీధిలో పిల్లలు అటువైపు వెళ్ళడం చూశాను, వాళ్ళలో ఒక ఆడపిల్ల పెద్ద గొంతుతో మిగతావాళ్ళకి దారి చెబుతోంది. నవ్వొచ్చింది.

ఇక నీ వైపు చెప్పవలసినవాళ్ళు. నేను ఇక్కడివాళ్ళకి చెప్పేశాను, కొందరికి రెండేసి సార్లు. ఒక్క మాట, ఎవరికి చెప్పినా ఆడపిల్ల అయి కూడా అని మొదలుపెట్టకు. పక్కగాలిలో ఓడ తెచ్చింది అని చెప్పు, చెప్పి ఊరుకో. మిగతాది వాళ్ళే అడుగుతారు.

మీ కోడలికీ, ఆమె తమ్ముడికీ, అతను చేసుకోబోయే పిల్లకీ అందరికన్నా ముందు. పెళ్ళికి మేము వస్తున్నామని కూడా చెప్పు.

మేనల్లుడికి, వాడి ఆఫీసులో అందరికీ.

మీ ఆడపడుచులు ఇద్దరికీ విడివిడిగా చెప్పు. ఒకరికి ముందు తెలిసిందని ఇంకొకరు అలుగుతారు.

పెద్ద మేనమామ కొడుకు, మందుల షాపు వాడు. మనతో మాటల్లేవు, నాకు తెలుసు. ఫరవాలేదు, చెప్పు. ఇలాంటి కబురుకి మాటలు వస్తాయి.

చిన్న పిన్నికి. ఆవిడ ఇప్పుడు మనుషుల్ని పోల్చుకోవడం లేదట. అయినా దగ్గర కూర్చుని చెప్పు. ఆవిడా అమ్మతో పాటు బొగ్గు మోసింది.

ఆఖర్న మీ వీధి చివర ఉన్న మన చిన్నాన్నకి. తొంభై దాటినా ఇంకా అరుగు మీదే కూర్చుంటాడని రాశావు. పొట్టిదాన్ని బళ్ళో వేసిన రోజున, ఆడపిల్ల చదివి ఊళ్ళేలాలా అని నలుగురిలో అన్నాడు ఆయన. మోకాళ్ళు నొప్పైనా సరే, ఆయనకి మాత్రం నువ్వే స్వయంగా వెళ్ళి చెప్పు. గట్టిగా చెప్పు, ఆయనకీ వినపడదు. ఊళ్ళు ఏలడానికి తీరిక లేదు, ఓడలు ఏలుతోందని చెప్పు. విన్నాక ఆయన మొహం ఎలా ఉందో వివరంగా రాయి అక్కా. కాస్త పెంచి రాసినా నమ్ముతాను.

పైలట్ గారి నాన్న